ఖరీదైన వాచీకి గీతలు పడ్డాయా? పాలిష్‌కి ఇచ్చేముందు ఇది చదవండి

మా శ్రీకాకుళం వైపు ఖరీదైన వాచీ ఎక్కువగా రెండు దారుల్లో ఇంటికొస్తుంది, ఒకటి పెళ్ళిలో అల్లుడికి పెట్టేది, రెండోది దుబాయ్ నుంచో ఖతార్ నుంచో ఉద్దానం కుర్రాళ్ళు కొనుక్కుని తెచ్చేది. ఎలా వచ్చినా కథ ఒకటే. మొదటి గీత పడేదాకా చేతికి ఉంటుంది, పడ్డాక బీరువాలోకి వెళ్ళిపోతుంది, లేదంటే ఎవరో చెప్పారని బంగారం కొట్లో బఫ్ మోటారు మీద మెరుపు కొట్టించుకుని వచ్చేస్తారు. నన్నడిగితే రెండూ అక్కర్లేదు. ఎందుకక్కర్లేదో తెలియాలంటే ఆ గీత ఎలా పడింది, వాచీలో ఏ భాగం మీద పడింది అన్నది కొంచెం విప్పి చూడాలి, ఎందుకంటే మనం అన్నిటినీ కలిపి స్క్రాచ్ అనేస్తాం గానీ స్టీలు మీద గీత వేరు, గ్లాసు మీద గీత వేరు, పూత మీద గీతైతే పూర్తిగా వేరే గొడవ.

ముందు గట్టిదనం సంగతి. ఒక పదార్థం ఎంత గట్టిదో చెప్పడానికి వికర్స్ అని ఒక కొలత ఉంది, వజ్రం మొనతో నొక్కి ఎంత గుంట పడిందో చూసి అంకె వేస్తారు. ఎక్కువ స్విస్ వాచీల్లో వాడే 316ఎల్ స్టీలు ఈ లెక్కలో సుమారు 150 నుంచి 200 మధ్యలో ఉంటుంది. మామూలు ఇసకలో ఉండే క్వార్ట్జ్ రేణువు 1000 దాటుతుంది. అంటే లక్షలు పెట్టి కొన్న స్టీలు కంటే రోడ్డు మీద లేచే దుమ్ము ఐదారు రెట్లు గట్టిదన్నమాట! "నేనసలు దేనికీ తగిలించలేదు బావా, మెత్తటి గుడ్డతోనే తుడిసీవోణ్ణి, ఈ గీతలేటి ఎలగొచ్చీసినాయి?" అని సోంపేట నుంచి మా బావ ఒకడు ఫోన్లో తెగ బాధపడిపోయాడు. గుడ్డ మెత్తదే, ఆ గుడ్డ మీద కూర్చున్న దుమ్ము మెత్తది కాదు కదా. పొడిగా ఉన్న వాచీని పొడి గుడ్డతో గట్టిగా తుడవడం అంటే చాలాసార్లు గీతలు మన చేత్తో మనమే గీసుకోవడం.

మా ఒడ్డు ఇసకైతే ఇంకా ఘనమైంది. కళింగపట్నం, భావనపాడు వైపు బీచ్‌లో ఇసక మీద నల్లగా, ఎర్రగా చారలు కనపడతాయి చూడండి, అవి ఇల్మెనైట్, గార్నెట్ లాంటి బరువు ఖనిజాలు, వాటితో పాటు జిర్కాన్, సిల్లిమనైట్ కూడా కలిసుంటాయి. గార్నెట్‌ని ప్రపంచమంతా సానబెట్టే కాగితాల్లో, నీటి ధారతో లోహం కోసే మిషన్లలో వాడతారు. అలాంటి ఇసకలో వాచీ తీసి తువ్వాలు మీద పెట్టి స్నానానికి దిగి, వచ్చాక ఆ తువ్వాలుతోనే తుడిచి పెట్టుకుంటే ఏమవుతుందో ఊహించుకోండి. ఇంట్లో కూడా తప్పించుకోలేం, టెక్కలి చుట్టుపక్కల గ్రానైట్ క్వారీల పుణ్యమా అని ఇక్కడ వంటింటి గట్టు నుంచి మెట్ల దాకా అంతా గ్రానైటే, అందులో ఉండే క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ రెండూ వాచీ స్టీలు కంటే గట్టివే.

ఇక్కడ ఒక అపోహ కూడా తీసేద్దాం. రోలెక్స్ వాళ్ళు 1985 నుంచి 904ఎల్ అనే స్టీలు వాడటం మొదలుపెట్టారు, ఇప్పుడు వాళ్ళ స్టీలు వాచీలన్నిటికీ అదే. ఇది గీతలు పడని స్టీలు అని చాలామంది నమ్మేస్తారు. గట్టిదనంలో రెండిటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు, 904ఎల్ గొప్ప ఎక్కడంటే తుప్పు విషయంలో, అందులో క్రోమియం, నికెల్, మాలిబ్డినం ఎక్కువ పాళ్ళలో ఉంటాయి, కొంచెం రాగి కూడా ఉంటుంది, అందుకే ఉప్పుకీ చెమటకీ బాగా తట్టుకుంటుంది. కోస్తాలో ఉండేవాళ్ళకి అది నిజంగా లాభమే, కాకపోతే గీత మాత్రం దానిమీదా పడుతుంది.

బంగారం వాచీ ఇంకా మెత్తన, 18 క్యారెట్లంటే 75 శాతం బంగారం, మిగతాది రాగీ వెండీ లాంటివి, సొట్టలు తొందరగా పడతాయి. టైటానియం తేలిగ్గా ఉంటుంది, తుప్పు పట్టదు, కానీ మామూలు రకం టైటానియం మీద గీతలు స్టీలు కంటే ముందే తేలిపోతాయి, గ్రేడ్ 5 రకం కొంచెం నయం. సిరామిక్ దీనికి పూర్తిగా ఉల్టా. జిర్కోనియం ఆక్సైడ్‌తో చేస్తారు, వికర్స్ లెక్కలో 1200 దాకా ఉంటుంది, ఏళ్ళ తరబడి వాడినా కొత్తదానిలా ఉంటుంది, కానీ గచ్చు మీద పడితే సొట్ట పడదు, పగులుతుంది. పగిలితే ఆ భాగం మార్చడమే, రిపేరు అనేది లేదు. గట్టిదనం వేరు, దెబ్బకి తట్టుకోవడం వేరు, అంగట్లో సేల్స్‌వాళ్ళు మొదటిదాని గురించే మాట్లాడతారు, రెండోది మనమే అడగాలి.

పూతల సంగతికొస్తే, నల్లటి వాచీలకి పీవీడీ అనో డీఎల్‌సీ అనో పల్చటి పొర వేస్తారు, మైక్రాన్ల లెక్కలో ఉంటుంది దాని మందం. గల్ఫ్ నుంచి వచ్చే వాచీల్లో బంగారు రంగువి చాలావరకు స్టీలు మీద పూతే. పొర గట్టిదే అయినా కిందున్న స్టీలు మెత్తనిది కాబట్టి గట్టి దెబ్బ తగిలితే సొట్టతో పాటు పొర కూడా చిట్లుతుంది, కింద తెల్ల స్టీలు బయటపడుతుంది. దీన్ని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పాలిష్‌కి ఇవ్వకూడదు, గీత పోదు సరికదా చుట్టూ ఉన్న పొర కూడా లేచిపోతుంది. పూత వేయకుండా లోహం పైపొరనే గట్టిపరిచే పద్ధతులు కూడా ఉన్నాయి, జర్మనీలో జిన్ అనే కంపెనీ వాళ్ళు టెగిమెంట్ అని ఒకటి చేస్తారు, సిటిజన్ వాళ్ళది డ్యూరాటెక్ట్, ఇలాంటివాటి మీద రోజువారీ సన్నగీతలు చాలా తక్కువ పడతాయి. కొనకముందే గీతల భయం ఉన్నవాళ్ళు వీటిని చూసుకోవడం మేలు, కొన్నాక రోజూ భూతద్దం పెట్టి వెతుక్కోవడం కంటే.

ఇప్పుడు గ్లాసు. మన నాన్నల కాలం హెచ్‌ఎంటీ జనతాలకి ఉన్నది ఆక్రిలిక్, అంటే ఒక రకం ప్లాస్టిక్కే. గీతలు చిటికెలో పడతాయి, చిటికెలో పోతాయి కూడా, టూత్‌పేస్టుతోనో దానికోసమే అమ్మే పేస్టుతోనో కాసేపు రుద్దితే తేరుకుంటుంది. ఒమేగా స్పీడ్‌మాస్టర్‌లో ఇప్పటికీ ఆక్రిలిక్ గ్లాసు రకం అమ్ముతున్నారు, 1969లో చంద్రుడి మీదకి వెళ్ళినప్పుడు ఉన్నది ఆ రకం గ్లాసే, అంతరిక్షంలో గ్లాసు ముక్కలు ముక్కలుగా పగిలి గాల్లో తేలితే ప్రాణాల మీదకొస్తుంది, ఆక్రిలిక్ అలా ముక్కలవ్వదు. మధ్యస్థం ధర వాచీలకి మినరల్ గ్లాసు, దాని మీద పడ్డ గీత తీయడం కష్టం, గ్లాసు మార్చేయడమే చవక.

ఖరీదైనవాటికి సఫైర్. ఇది గనిలోంచి తీసిన నీలం రాయి కాదు, అల్యూమినియం ఆక్సైడ్‌ని కొలిమిలో కరిగించి పెంచిన స్ఫటికం, వెర్న్యూయ్ అనే ఫ్రెంచాయన 1902లో ఈ పద్ధతి బయటపెట్టాడు. వికర్స్ లెక్కలో సుమారు 2000. ఇసక దీన్నేమీ చెయ్యలేదు, వజ్రం చెయ్యగలదు, అందుకే రాళ్ళ ఉంగరాలూ రాళ్ళ గాజులూ వాచీ ఉన్న చేతికి దూరంగా ఉంచమంటాను. ఇంకొకటి ఉంది, గల్ఫ్‌లో ఫాబ్రికేషన్ పన్లు చేసే మన కుర్రాళ్ళు ఇది తప్పకుండా తెలుసుకోవాలి. గ్రైండింగ్ చక్రంలో ఉండే పొడి చాలావరకు అల్యూమినియం ఆక్సైడే, అంటే సఫైర్ దేంతో చేస్తారో అదే పదార్థం! సమానం గట్టిదనం ఉన్నది సమానంగా గీస్తుంది. ఎమరీ కాగితం కూడా అంతే. గ్రైండర్ దగ్గర వాచీ తీసి జేబులో పెట్టుకోవడం తప్ప వేరే మార్గం లేదు, జేబులో తాళాలు లేకుండా.

అయినా సరే "సఫైర్ గ్లాసు మీద గీతలు పడ్డాయి, నన్ను మోసం చేశారు" అనేవాళ్ళు ఉంటారు. చాలాసార్లు అది గ్లాసు కాదు, మెరుపు తగ్గడానికి గ్లాసు పైన వేసే యాంటీ రిఫ్లెక్షన్ పూత. కొన్ని కంపెనీలు లోపలివైపు మాత్రమే వేస్తాయి, కొన్ని రెండువైపులా, బయటివైపు ఉన్నది కాలం గడిచేకొద్దీ సన్నగా గీసుకుపోతుంది, నీలం రంగులో మరకల్లా కనపడుతుంది. కింద సఫైర్ చెక్కుచెదరకుండానే ఉంటుంది. ఇంకోసారి గోడకి తగిలిన వేరే వస్తువు రంగో లోహమో గ్లాసు మీద అంటుకుని గీతలా కనిపిస్తుంది, సబ్బునీళ్ళతో పోతుందేమో ముందు చూడండి, పోతే గొడవే లేదు. అంచు దగ్గర పెచ్చు లేచిందంటే మాత్రం అది తమాషా కాదు, పగులు పెరగొచ్చు, నీళ్ళు కూడా దూరొచ్చు.

ఇక అసలు విషయం, పాలిష్. వాచీ పైభాగంలో సాధారణంగా రెండు రకాల తలాలుంటాయి, అద్దంలా మెరిసేది ఒకటి, ఒకే దిశలో సన్నటి గీతలు గీసినట్టు మెరుపు లేకుండా ఉండేది ఇంకొకటి, దీన్ని బ్రష్డ్ అంటారు. ఈ రెండూ కలిసే చోట కత్తిలాంటి అంచు ఉంటుంది, వాచీ పనితనం ఎంత గొప్పదో తెలిసేది ఆ అంచు దగ్గరే. బఫ్ మోటారు మీద పెట్టినప్పుడు గీత నిండదు. గీత ఎంత లోతుందో అంత లోతుకి చుట్టూ ఉన్న లోహాన్ని తీసేస్తే అప్పుడు గీత కనపడదు, అంతే జరిగేది. సబ్బు అరిగినట్టు అరుగుతుంది వాచీ. ఒకసారికి తేడా తెలియదు, పదే పదే చేయిస్తే అంచులు గుండ్రంగా అయిపోతాయి, చైను తగిలించే నాలుగు కొమ్ములు సన్నబడి ఒకవైపు ఒకలా ఇంకోవైపు ఇంకోలా తయారవుతాయి, బంగారం వాచీ అయితే హాల్‌మార్క్ ముద్ర కూడా చెరిగిపోతుంది. అరిగిన లోహాన్ని తిరిగి తెచ్చేది ఒకటే, లేజర్ వెల్డింగ్‌తో కొత్త లోహం పోసి మళ్ళీ ఆకారం దిద్దడం, అది పెద్ద పనిమంతులు చేసేది, ఖర్చు కూడా ఆ లెక్కలోనే ఉంటుంది.

మామూలు మెరుపు పనికీ దీనికీ ఉన్న తేడా తెలియక మన ఊళ్ళలో ఎక్కువ వాచీలు పాడవుతాయి. శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి లాంటి చోట్ల నిజంగా చెయ్యి తిరిగిన వాచీ మెకానిక్‌లు ఉండొచ్చు, మిషన్ విప్పి శుభ్రం చేసి నూనె వేయడంలో వాళ్ళని మించినవాళ్ళు లేకపోవచ్చు, కానీ కేసుకి, అంటే మిషన్ చుట్టూ ఉండే వాచీ ఒంటికి, ఆకారం దిద్దడం వేరే చదువు. ఎవరు ఏ పని చేస్తారో అడగకుండా "కొంచెం మెరుపు తెప్పించు గురూ" అన్నారంటే బ్రష్డ్ తలం కూడా అద్దమైపోయి చేతికొస్తుంది, అప్పుడు ఎవరినీ అనడానికి ఉండదు, మీరడిగింది వాళ్ళు చేశారు.

ఇంట్లో చేసుకునే చిట్కాల గురించి కూడా ఒక మాట. టూత్‌పేస్టులో సిలికానో కాల్షియం కార్బొనేటో ఉంటుంది, ఆక్రిలిక్‌కి సరిపోతుంది, సఫైర్‌కి ఏమీ చెయ్యదు, బ్రష్డ్ స్టీలు మీద రుద్దితే మధ్యలో ఒక మెరిసే మచ్చ మిగులుతుంది. ఇత్తడి బిందెలు తోమినట్టు చింతపండూ ఊక బూడిదా అసలు దగ్గరికి రానివ్వొద్దు, ఊక బూడిదలో ఎక్కువ శాతం సిలికానే. పాలిష్ గుడ్డలు దొరుకుతాయి, అద్దంలా మెరిసే తలం మీద మరీ సన్నగీతలకి ఎప్పుడైనా ఒకసారి పరవాలేదు, బ్రష్డ్ భాగాన్ని టేపుతో కప్పి చేసుకోవాలి. కొక్కెం దగ్గర, అంటే చైను మూసే క్లాస్ప్ మీద, గీతల కోసం ఏమీ చెయ్యకండి. లాప్‌టాప్ మీద రోజంతా ఆనేది అదే, ఈ రోజు తీస్తే వచ్చే వారానికి మళ్ళీ తయారు.

కనపడే గీతకి ఇంత గోల చేస్తాం గానీ కనపడని అరుగుదలని ఎవరూ పట్టించుకోరు, నా బాధ అదే. గీత వల్ల వాచీ ఎప్పుడూ ఆగిపోదు. వాచీని చంపేది నీళ్ళు, నీళ్ళని ఆపేది గాస్కెట్లు, అంటే వెనక మూతకీ కీ ఇచ్చే మరకీ గ్లాసుకీ ఉండే రబ్బరు రింగులు. అవి ఏళ్ళు గడిచేకొద్దీ గట్టిపడి, నలిగి, బిగువు పోగొట్టుకుంటాయి. కొన్నప్పుడు 100 మీటర్లు అని రాసున్న వాచీ కొన్నేళ్ళ తర్వాత కూడా 100 మీటర్లని అనుకోవడానికి లేదు, అందుకే నీళ్ళలో వాడేవాళ్ళు ఏడాదికోసారి ప్రెషర్ టెస్ట్ చేయించుకోమంటారు. 30 మీటర్లు అని ఉన్నదైతే అది చేతులు కడుక్కునేటప్పుడు పడే చినుకులకి మాత్రమే, బారువ సముద్రంలో మునగడానికి కాదు. మర తిప్పి బిగించే రకమైతే బిగించారో లేదో చూసుకోవాలి, అది వదులుగా ఉంటే మిగతా రింగులన్నీ కొత్తవైనా లాభం లేదు.

గ్లాసు లోపల ఆవిరి పట్టిందంటే అది అత్యవసరం. మన ఇళ్ళలో వెంటనే బియ్యం డబ్బాలో పడేస్తారు. బియ్యం బయటి తడిని కొంచెం పీల్చుకుంటుందేమో గానీ మూతలు బిగించున్న వాచీ లోపలికి దాని పని అందదు, ఈలోగా లోపల స్టీలు చక్రాలకి తుప్పు మొదలైపోతుంది, ముఖ్యంగా దూరింది ఉప్పునీళ్ళయితే. ఆ రోజే, కుదరకపోతే మర్నాడే, విప్పించడం తప్ప మార్గం లేదు. పాలిష్‌కి మూడు వారాలు ఆగినా ఏమీ కాదు, దీనికి మూడు రోజులు ఆగితే మిషన్ మార్చాల్సి రావచ్చు.

రెండోది చైను. మన ఉక్కపోతలో చెమట, అందులో ఉప్పు, దానికి దుమ్ము కలిసి చైను లింకుల మధ్యలో నల్లటి ముద్దలా పేరుకుంటుంది. చెయ్యి కదిపినప్పుడల్లా ఆ ముద్ద లింకుల లోపల పిన్నులని సానబెడుతూనే ఉంటుంది. కొన్నేళ్ళకి చైను సాగినట్టు వేలాడుతుంది, వాచీని పక్కకి తిప్పి అడ్డంగా పట్టుకుంటే చైను తిన్నగా ఉండకుండా కిందికి వంగిపోతుంటే లోపల అరిగిందని అర్థం. పైన ఒక్క గీత లేకుండా లోపల ఇలా అరిగిపోయిన చైన్లు ఎన్నో ఉంటాయి. చైనుని కేసుకి పట్టి ఉంచే స్ప్రింగ్ బార్లు ఇంకా అన్యాయం, చాలా చవక వస్తువు, ఉప్పుగాలికి తుప్పు పట్టి ఒక రోజు ఫటుక్కున ఊడితే లక్షల వాచీ నేల మీద ఉంటుంది. సర్వీసుకి ఇచ్చినప్పుడల్లా అవి మార్పించేయండి.

దీనికి మందు చాలా మామూలుది. మర గట్టిగా బిగించి ఉందని చూసుకుని, నీళ్ళకి పనికొచ్చే వాచీ అయితే చల్లటి మంచినీళ్ళలో రెండు చుక్కలు లిక్విడ్ సబ్బు వేసి, మెత్తటి టూత్‌బ్రష్‌తో చైను సందులన్నీ రుద్ది, ధారగా కడిగేసి, ఆ తర్వాత మాత్రమే గుడ్డతో అద్దండి, రుద్దొద్దు. ముందు కడగడం, తర్వాత తుడవడం, ఈ వరస తప్పితే మొదట చెప్పిన గీతలే మళ్ళీ. గుడ్డకి ఏ మైక్రోఫైబరో అక్కర్లేదు, బాగా ఉతికి ఉతికి మెత్తబడిన పొందూరు ఖద్దరు ముక్క ఉంటే దానికి మించింది లేదు, ఇది కొంచెం ఊరి మీద అభిమానంతో చెప్తున్నానని తీసుకున్నా పరవాలేదు. సముద్రంలో దిగి వచ్చాకైతే అదే రోజు మంచినీళ్ళతో కడగాలి. వేడినీళ్ళ స్నానం, ఆవిరి మాత్రం వద్దు. తోలు స్ట్రాప్‌కి ఇవేవీ వర్తించవు, మన వాతావరణంలో ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా తోలు పక్కన పెట్టి రబ్బరో నైలానో వేసుకోవడం హాయి.

గీతల భయం కొత్తదేమీ కాదు లెండి. జాగర్ లెకూల్ట్రే వాళ్ళ రివర్సో వాచీ 1931లో పుట్టిందే దీని కోసం, మన దేశంలో పోలో ఆడే బ్రిటిష్ ఆఫీసర్ల వాచీ గ్లాసులు దెబ్బకి పగిలిపోతున్నాయని, వాచీ ముఖాన్ని తిరగేసి స్టీలు వీపు బయటికి పెట్టుకునేలా తయారుచేశారు. ఆ పాత రివర్సోల వీపు మీద గీతలున్నా ఇప్పుడు సేకరించేవాళ్ళు పెద్దగా పట్టించుకోరు, వాళ్ళు చూసేది అంచులు అరగకుండా ఉన్నాయా అన్నది. పాతవాచీల బజారులో "అన్‌పాలిష్డ్" అన్న ఒక్క మాటకి ఎంత విలువంటే, గీతలున్న వాచీ మెరిసే వాచీ కంటే ఎక్కువకి పోవడం మామూలు.

మరి ఎప్పుడూ పాలిష్ చేయించకూడదా అంటే, చేయించొచ్చు. ఇప్పటి మోడలు, అమ్మే ఉద్దేశం లేదు, పెద్ద సొట్ట చూసినప్పుడల్లా మనసు బాగోవట్లేదు, అలాంటప్పుడు జీవితకాలంలో ఒకటి రెండుసార్లు మంచి చేతికి ఇచ్చి చేయించుకుంటే కొంప మునగదు. ఎలాగూ మిషన్ సర్వీసుకి విప్పుతారు కదా, అప్పుడే పెట్టుకోవాలి, విడిగా దానికోసమే విప్పించడం దండగ. తాతగారిదో నాన్నగారిదో అయితే ముట్టుకోవద్దు, అందులో ఉన్న గీతల్లో సగం వాళ్ళ చెయ్యి వేసినవి.

చివరిగా ఒక పని. చాలా బ్రాండ్లకి ఇక్కణ్ణుంచి వాచీని విశాఖకో హైదరాబాద్‌కో పంపించాలి, కంపెనీ సర్వీసులో చాలాచోట్ల పాలిష్ కూడా కలిపే ఉంటుంది, అడక్కపోయినా చేసేస్తారు. అందుకే వాచీ ఇచ్చేటప్పుడు నోటితో చెప్పడం కాదు, జాబ్ కార్డు మీద "పాలిష్ వద్దు, గాస్కెట్లు మార్చాలి, స్ప్రింగ్ బార్లు మార్చాలి, ప్రెషర్ టెస్ట్ చెయ్యాలి" అని రాయించి, నాలుగు వైపులా ఫోన్లో ఫొటోలు తీసి పెట్టుకోండి. తిరిగొచ్చాక ముందు చూడాల్సింది మెరుపు కాదు, కొమ్ముల అంచులు ఫొటోలో ఉన్నట్టే ఉన్నాయా, టెస్ట్ రిపోర్టు కాగితం డబ్బాలో పెట్టారా అని.